చెలిమె యొద్ద నేర్చిన పాఠము

చదువవలసిన భాగములు: మార్కు 6:30–32, ఆదికాండము 26:12–22, యెహెజ్కేలు 34:17–19.



పల్లెలో నివసించు మనకు నడక క్రొత్త సంగతి కాదు. పొలమునకు నడచుదుము, సంతకు నడచుదుము, కట్టెలకు నడచుదుము, ఆదివారమున ఆరాధనకు నడచుదుము. అయితే ఏ పనియు లేకుండ, దేవుడు చేసిన కొండను వాగును చూచుటకై నడచుట పట్టణపువారి వేడుక యనియు, పని లేనివారి పని యనియు మనలో అనేకులు తలంచుదురు. మార్కు సువార్త 6వ అధ్యాయము ఈ తలంపును సరిదిద్దుచున్నది. శిష్యులు తమకు అప్పగింపబడిన పని ముగించి అలసి వచ్చిరి. జనుల రాకపోకల వలన వారికి అన్నము తినుటకైనను తీరిక చిక్కలేదు. ప్రభువు వారిని వెంటనే మరియొక పనికి పంపలేదు; జనసమ్మర్దము లేని చోటికి తోడుకొనిపోవ నుద్దేశించెను. కాబట్టి విశ్రాంతి కొరకైన నడక తప్పు కాదు. అయితే ఆ నడకలో మనము ఎట్లు ప్రవర్తించుచున్నాము? ఈ మాసపు పాఠము దీనిని గూర్చినదే.

1. మేము చూచిన లోయ

మన గోదావరి నది 1465 కిలోమీటర్ల దూరము ప్రవహించుచున్నది. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల నడుమ అదియే సరిహద్దుగా నుండెను. 2016లో ఆ జిల్లాలు విభజింపబడిన తరువాత దక్షిణపుటొడ్డున జగిత్యాల, పెద్దపల్లి జిల్లాలును, ఉత్తరపుటొడ్డున నిర్మల్, మంచిర్యాల జిల్లాలును ఏర్పడినవి. ఈ ఉత్తరపు దిక్కునుండి గోదావరిలో కలియునది కడెము వాగు. అది ఆదిలాబాదు కొండలలో పుట్టి, నేరడిగొండ మండలములోని కుంటాల యొద్ద సుమారు 45 మీటర్ల ఎత్తునుండి జలపాతముగా దుమికి, టేకు అడవుల గుండ ప్రవహించి, కడెము ఆనకట్టను చేరుచున్నది. ఆ ఆనకట్ట నీటితో 60 వేల ఎకరములకు పైగా భూమి సాగగుచున్నది. లక్షెట్టిపేట ప్రాంతమున వరి పండించు మన సంఘస్థులలో అనేకులు ఆ కాలువ నీటిని ఎరిగినవారే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఫిబ్రవరి మాసమున ఒక శనివారము, మా సంఘమునుండి పెద్దలు, యౌవనస్థులు, పిల్లలు కలిసి ఇరువదిమందిమి ఆ లోయలోనికి నడకకు పోతిమి. మోదుగులు ఆకు రాల్చి, కొమ్మ నిండ ఎఱ్ఱని పూలతో నిలిచియుండెను. టేకు ఆకులు మా కాళ్ల క్రింద గలగలలాడెను. వాగు చాలవరకు ఎండి, ఇసుక మధ్య సన్నని పాయ మాత్రము మిగిలియుండెను. ఇంత దగ్గరనుండియు ఇంతకాలము దీనిని చూడకపోతిమి గదా యని అనుకొంటిమి. ఒక చెట్టునీడన కూర్చుండి, ప్రార్థన చేసి, పాటలు పాడి, తెచ్చుకొన్న అన్నము తింటిమి.

2. మేము చేసిన తప్పు

మేము కూర్చున్న చోటికి పది అడుగుల దూరమున ఇసుకలో ఒక చెలిమె కనబడెను. మూరెడు లోతు, నిండ తేటనీరు. పిల్లలు అందులో కాళ్లు కడుగుకొనిరి. పెద్దవారమైన మేమును వారిని వారింపలేదు; పైగా అన్నపు గిన్నెలు అందులోనే తొలిపితిమి. అంతలో దాపున నున్న గూడెము నుండి ఒక తల్లి నెత్తిన బిందె, చేత చిన్న గిన్నె పట్టుకొని వచ్చెను. ఆమె చెలిమెను చూచెను, మమ్మును చూచెను. ఏమియు అనలేదు. బిందె దించి, బురదనీటిని గిన్నెతో తోడి పారబోయుటకు మొదలుపెట్టెను.

మాలో ఒక పెద్దాయన లేచిపోయి, "అమ్మా, తప్పయింది, మాకు తెల్వలే" అనెను. ఆమె తల యెత్తకయే, "జరసేపుంటే ఊరుతయి, కూసోండ్రి" అనెను. ఆయన ఆమె చేతి గిన్నె అడిగి తీసికొని తానే తోడెను. మురికి నీరంతయు పోయి మరల తేటనీరు ఊరుటకు అర్ధగంటకు పైగా పట్టెను. అంతసేపు మేమందరము మౌనముగా నిలిచియుంటిమి. భోజనమునకు ముందు దేవునికి వందనములు చెల్లించితిమి గాని, ఆ చెలిమె ఎవరిదని మాలో ఒక్కరైనను అడుగలేదు.

3. ఇస్సాకు త్రవ్విన బావులు

ఇంటికి వచ్చిన తరువాత మేము చదివిన మొదటి భాగము ఆదికాండము 26వ అధ్యాయము. ఇస్సాకును చూచి అసూయపడిన ఫిలిష్తీయులు, అతని తండ్రి దినములలో త్రవ్వబడిన బావులను మంటితో పూడ్చిరి. దీనివలన వారికి కలిగిన లాభమేమి? వారును ఆ నీరు త్రాగలేదు, ఇతరులను త్రాగనియ్యలేదు. ఇస్సాకు గెరారు లోయలో దిగి, ఆ బావులను మరల త్రవ్వించెను. తన తండ్రి పెట్టిన పేళ్లనే వాటికి పెట్టెను. క్రొత్తగా త్రవ్వించిన వాటి కొరకు జగడము రాగా రెండు మారులు విడిచిపెట్టి ముందుకు సాగెను. మూడవ దానికి జగడము రాలేదు. దానికి రహెబోతు అని పేరుపెట్టెను.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది: లోయలో నీరు ఊరకయే దొరకదు. ఎవరో వంగి త్రవ్విన శ్రమ దాని వెనుక నుండును. ఆ తల్లి చెలిమెయు అట్టిదే. రెండవది: ఇస్సాకు పాత పేళ్లను మరువలేదు. మనమును గోండులు, కోలాములు నివసించు ఆ లోయకు పోయినప్పుడు, వాగుకు, గుట్టకు, చెట్టుకు వారు పెట్టిన పేళ్లను అడిగి తెలిసికొనవలెను. పేరు తెలిసిన చోటిని పాడుచేయుటకు చేయి వెనుదీయును.

4. తొక్కిన గొఱ్ఱెలు

యెహెజ్కేలు 34వ అధ్యాయమనగానే చెడ్డ కాపరులనే మనము తలంచుదుము. అయితే 17వ వచనము మొదలుకొని దేవుడు గొఱ్ఱెలతోనే వ్యాజ్యెమాడుచున్నాడు. అవి చేసిన నేరమేమి? మంచి మేత మేయుట నేరము కాదు. తేటనీరు త్రాగుట నేరము కాదు. తమకు చాలినంత తినిన తరువాత మిగిలిన మేతను త్రొక్కుట, త్రాగిన తరువాత మిగిలిన నీటిని కలకచేయుట, ఇదియే నేరము. వెనుక వచ్చు బలహీనమైన గొఱ్ఱెలకు ఆ త్రొక్కుడు మేతయు, ఆ బురదనీరును మిగిలెను.

దీనిని చదివినప్పుడు మేము తలలు వంచుకొంటిమి. మేము తోడేళ్లము కాము; ఎవరి సొమ్మును దొంగిలింపలేదు. అయినను మందలో త్రొక్కిన గొఱ్ఱెలము మేమే. మన ఆనందము ముగిసిన చోట ఇంకొకరి దాహము మొదలగును. మనము లేచిపోయిన తరువాత ఆ స్థలమునకు వచ్చువాడు మన పొరుగువాడు. అతని ముఖము మనము చూడకపోయినను అతడు పొరుగువాడే.

5. పైనను క్రిందను ఒకటే నీరు

"అడవిలో ఏమి జరిగిన మనకేమి?" అని క్రింది ఊళ్లవారు అనుకొనరాదు. 1958లో కొండలలో కురిసిన వర్షములకు వరద ఆనకట్ట మీదుగా పొర్లి గండ్లు పడినవి. 2022 జూలైలో మరల గొప్ప వరద వచ్చెను. 18 గేట్లలో ఒకటి తెరచుకొనలేదు. క్రింది గ్రామములవారిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిరి. దేవుని కృపవలన ఆనకట్ట నిలిచెను. పైన కురిసిన వాన క్రిందివారి గడపకు వచ్చును. అట్లే పైన పారవేసిన చెత్తయు వానకాలమున ఆ వాగు వెంట మన కాలువకు, మన మడికి వచ్చును. మన పెద్దలు మోదుగాకు విస్తళ్లలో తిని లేచెడివారు. ఆ ఆకు మన్నులో కలిసెడిది. నేటి ప్లాస్టిక్ గ్లాసు మన మనుమల కాలమునకును మన్ను కాదు.

6. పోవువారికి కొన్ని మాటలు

వర్షాకాలము వెళ్లిన తరువాత నడకకు అనువైన కాలము. తీసికొనిపోయిన ప్రతి వస్తువును తిరిగి తెండు. గిన్నెలు చెలిమెలో గాని వాగులో గాని తొలుపక, నీరు తోడుకొని దూరముగా కడుగుడు. గూడెము దాపున కూర్చుండునప్పుడు అక్కడివారిని అడిగి కూర్చుండుడు. కవ్వాల్ అడవి 2012 నుండి పులుల సంరక్షణ క్షేత్రమైయున్నది గనుక అధికారుల అనుమతి లేక లోపలికి పోరాదు. కుంటాల జలపాతము క్రింది మడుగులు మిక్కిలి లోతైనవి. వాటిలో దిగి అనేకులు ప్రాణములు పోగొట్టుకొనిరి. యౌవనస్థులు దూరమునుండియే చూచి దేవుని స్తుతింపవలెను.

ఆ మరుసటి సంవత్సరము మా సంఘము మరల అదే చోటికి పోయెను. పిల్లలు ముందుగా చెలిమె ఎక్కడ నున్నదని వెదకి, దాని చుట్టు రాళ్లు పేర్చి, ఎవరును త్రొక్కకుండ కాచిరి. మేము వారికి చెప్పలేదు. ఆ అర్ధగంట వారికి చెప్పెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఇస్సాకు బావుల కొరకు జగడమాడక ముందుకు సాగుటవలన మనము నేర్చుకొనునదేమి?
2. యెహెజ్కేలు 34:18లో గొఱ్ఱెలు చేసిన తప్పు మన యింటిలో, మన సంఘములో ఏ రూపమున కనబడుచున్నది?
3. మన ఊరి బావి, చెరువు, వాగులలో మన తరువాత వచ్చువారికి ఏది తేటగా మిగుల్చుచున్నాము?

ప్రార్థన: ప్రభువా, నీవు మాకు తేటనీరు త్రాగనిచ్చితివి. మా వెనుక వచ్చువారికిని అది తేటగానే దొరకునట్లు మా పాదములను కాపాడుము. ఆమేన్.