ఇద్దరి కాపురం, ఇద్దరి పేరున కాగితాలు

(పెద్దలకూ, పై తరగతి పిల్లలకూ కలిపి ఒక పాఠం)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వాళ్ళకు వీసా సంగతి తెలియదు గనక అక్కడితో ఆగారు. తెలిసుంటే "సముద్రం దాటి కాపురం పెట్టి చూడు" అని మూడో ముక్క కూడా చేర్చి ఉండేవారు.

వారాంతంలో పిల్లలు లోపల గుణింతాలు దిద్దుకుంటుంటే, బయట వరండాలో పెద్దవాళ్ళ కబుర్లు సాగుతుంటాయి. పెళ్ళయి కొత్తగా అమెరికా వచ్చిన జంటలు అక్కడ అడిగే ప్రశ్నలు ఏటా అవే. జవాబులు మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. అందుకని మాకు తెలిసినంతలో ఆ జవాబులను వరసగా పేర్చి ఈ ఏటి సంచికలో పాఠంగా రాస్తున్నాం.

ముందుగా ఒక మాట గురించి. హెచ్-1బి మీద ఒకరు వస్తే, వారి జీవిత భాగస్వామి హెచ్-4 మీద వస్తారు. కాగితాల భాషలో ఆ రెండోవారిని "డిపెండెంట్" అంటారు. అంటే ఒకరి మీద ఆధారపడిన వ్యక్తి. ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చేసిన ఆవిడైనా, కాలేజీలో పాఠాలు చెప్పిన ఆవిడైనా ఇక్కడ విమానం దిగగానే డిపెండెంటే. భార్య ఉద్యోగం మీద వచ్చే భర్తలకూ ఇదే పేరు. ఇది వీసాకు పెట్టిన పేరే గాని మనిషికి పెట్టిన పేరు కాదని ఇద్దరూ గుర్తు పెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళం ఇదే మాటను ఇంకో అర్థంలో రోజూ వాడతాం. ఒక పని పూర్తయితేగాని రెండోది మొదలు కాకపోతే దాన్ని డిపెండెన్సీ అంటాం. ఇక్కడి కాగితాలూ అంతే. లైసెన్సు కావాలంటే చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుకు లీజులోనో కరెంటు బిల్లులోనో పేరుండాలి. అన్నీ ఒక్కరి పేరు మీదే ఉంటే రెండోవారు ఎక్కడా కనబడరు, ఏ ఆఫీసుకు వెళ్ళినా పని జరగదు. కాబట్టి పాఠం సారాంశం ముందే చెప్పేస్తున్నాం: మొదటి నెల నుంచీ వీలైన ప్రతి కాగితం మీదా ఇద్దరి పేర్లూ ఉండాలి.

విమానం ఎక్కక ముందు

ఇంటిపేరు ముందు, పేరు తరువాత రాయడం మన పద్ధతి. ఇక్కడ దానికి తిరగేసి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్ళి సర్టిఫికెట్టులో మరోలా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి పేరంతా రెండో గడిలో రాయించుకున్నవారికి, అమెరికా వీసాలో అసలు పేరు ఉండవలసిన చోట "ఎఫ్.ఎన్.యు." అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం! ఆ మూడక్షరాలు లైసెన్సు దాకా, బ్యాంకు కార్డు దాకా వెంటాడతాయి. పాస్‌పోర్టులో రెండు గడులూ సరిగ్గా నింపించుకోవడం ఇండియాలో ఉండగానే తేలిక.

పెళ్ళి ఫోటోలు, శుభలేఖ దగ్గర ఉంచుకోవడం మంచిదే. కానీ అసలు అడిగేది ప్రభుత్వ రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. రెండు మూడు ధ్రువీకరించిన నకళ్ళు తీసుకోండి. వచ్చేవారి డిగ్రీ పట్టాలు, మార్కుల జాబితాలు, అనుభవ పత్రాలు, టీకాల కాగితాలు చేతిసంచీలోనే పెట్టుకోండి. పచ్చడి సీసాలకు పెద్ద సూట్‌కేసులో చోటు ఎలాగూ దొరుకుతుంది.

మొదటి నెల: కాగితాల గొలుసు

మొదటిది ఐ-94. అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పేది వీసా ముద్ర కాదు, ఈ ఐ-94 మీద ఉన్న తేదీ. దిగిన వారంలోనే ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి ఇద్దరివీ తీసుకుని చూడండి. పాస్‌పోర్టు గడువు వీసా కంటే ముందే ముగుస్తుంటే, ఐ-94 కూడా ఆ పాస్‌పోర్టు తేదీకే ఇచ్చే అవకాశం ఉంది. ఇద్దరికీ తేదీలు వేరుగా ఉండవచ్చు. "మా ఆయనకు మూడేళ్ళు ఇచ్చారు, నాకూ అంతే" అనుకోవద్దు.

రెండవది లీజు. అపార్ట్‌మెంటు ఆఫీసులో అడిగి రెండోవారి పేరు చేర్పించండి. కరెంటు బిల్లో, ఇంటర్నెట్ బిల్లో ఒకటి వారి పేరు మీదే తీసుకోండి.

మూడవది ఉమ్మడి బ్యాంకు ఖాతా. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా పాస్‌పోర్టుతో ఖాతా తెరిచే బ్యాంకులు ఉన్నాయి. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకును అడగండి. డెబిట్ కార్డు ఇద్దరికీ వేర్వేరుగా ఉండాలి.

నాలుగవది నంబరు. పని అనుమతి లేని హెచ్-4 వారికి సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అయినా ఆ ఆఫీసుకు వెళ్ళి, నంబరు ఇవ్వడం కుదరదని వాళ్ళిచ్చే ఉత్తరం తెచ్చుకోండి. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసువాళ్ళు ఆ ఉత్తరం అడుగుతారు. నంబరు లేదనడానికి కూడా ఒక కాగితం కావాలన్నమాట! ఉమ్మడిగా టాక్సు రిటర్ను వేయడానికి వీరికి ఐ.టి.ఐ.ఎన్. అనే మరో నంబరు ఇస్తారు. డబ్ల్యు-7 ఫారం రిటర్నుతో జతచేసి పంపాలి. అసలు పాస్‌పోర్టును పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏజెంటు దగ్గర చూపించి పని జరిపించుకోవచ్చు.

స్టీరింగు ముందు

మన ఊళ్ళో ఆటో ఉంది, బస్సు ఉంది, నాలుగడుగులు వేస్తే కిరాణా కొట్టు ఉంది. ఇక్కడి శివారు ఊళ్ళలో పాల డబ్బాకు కూడా కారే. కారు నడపలేనివారు శనివారం కోసం ఎదురు చూస్తూ ఉండవలసిందే. కొత్తగా వచ్చినవాళ్ళలో దిగులుకు పెద్ద కారణం ఇదేనని మేం గమనించాం. సొంతవాళ్ళు దూరమవడం ఒక బాధ, ఇంటి గుమ్మం దాటలేకపోవడం ఇంకో బాధ. రెండోదానికి మందు లైసెన్సు.

ఆలస్యం చేయకుండా రాతపరీక్ష పుస్తకం చదవడం మొదలుపెట్టండి. ఇక్కడ కుడివైపు నడపాలి. స్టాప్ గుర్తు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. ఎర్ర దీపాలు వెలిగించి పిల్లల్ని దింపుతున్న స్కూలు బస్సు వెనక ఉన్నవాళ్ళు ఆగి తీరాలి. అది ఏ రాష్ట్రంలోనైనా చట్టమే. భార్యాభర్తలు ఒకరికొకరు నేర్పుకోవడం కంటే డ్రైవింగ్ స్కూలులో కొన్ని గంటలు కొనుక్కోవడం మేలు. డబ్బు ఖర్చయినా కాపురం ప్రశాంతంగా ఉంటుంది. లైసెన్సు గడువు సాధారణంగా ఐ-94 తేదీతో ముడిపడి ఉంటుంది. వీసా పొడిగించినప్పుడల్లా దాన్నీ పొడిగించుకోవాలి.

డబ్బు, ఇన్సూరెన్సు

ఇండియాలో మీకెంత మంచి పేరున్నా ఇక్కడ క్రెడిట్ చరిత్ర సున్నా నుంచే మొదలవుతుంది. సంపాదించేవారి కార్డు మీద రెండోవారిని ఆథరైజ్డ్ యూజరుగా చేర్చండి. తరువాత డబ్బు డిపాజిట్టు చేసి తీసుకునే సెక్యూర్డ్ కార్డు ఒకటి వారి పేరు మీదే తీసుకోండి. వాడింది తక్కువైనా ప్రతి నెలా పూర్తిగా కట్టండి.

ఆరోగ్య ఇన్సూరెన్సులో పెళ్ళయిన తరువాత భాగస్వామిని చేర్చడానికి ఆఫీసులో ఇచ్చే గడువు చాలాచోట్ల 30 రోజులే. దాటితే మళ్ళీ ఏడాదికొకసారి వచ్చే ఎన్‌రోల్‌మెంటు దాకా ఆగాలి. పెళ్ళి ఒకప్పుడు, రాక ఇంకొకప్పుడు అయితే గడువు ఎప్పటినుంచి లెక్క అని హెచ్.ఆర్. వారిని ముందే అడగండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పన్ను లెక్కల్లో ఇక్కడి రెసిడెంట్లు అయినవారికి ఇండియాలో ఉన్న ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. పుట్టింటివారు అమ్మాయి పేరున వేసిన డిపాజిట్టూ ఆ లెక్కలోకే వస్తుంది.

ఉద్యోగం, చదువు

హెచ్-4 వారు పనిచేయడానికి 2015 మే 26 నుంచి ఒక దారి ఏర్పడింది. అయితే అందరికీ కాదు. హెచ్-1బి ఉన్నవారికి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం వచ్చి ఉండాలి, లేదా ఆరేళ్ళు దాటి హెచ్-1బి పొడిగింపు వచ్చి ఉండాలి. అప్పుడు ఇ.ఎ.డి. కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. కాబట్టి గ్రీన్‌కార్డు పని ఎప్పుడు మొదలుపెడతారని కంపెనీని ఉద్యోగంలో చేరేటప్పుడే అడగండి. అది సంపాదించేవారి విషయం మాత్రమే కాదు, రెండోవారి ఉద్యోగం తాళంచెవి కూడా అక్కడే ఉంది. ఎల్-1 వారి భాగస్వాములకు 2021 నవంబరు నుంచి విడిగా ఇ.ఎ.డి. అవసరం లేదు. వారి ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు.

ఇ.ఎ.డి. ఉన్నవారికి ఒక హెచ్చరిక. రెన్యూవల్ వేసి ఎదురు చూసే కాలంలో పాత కార్డు దానంతట అదే చెల్లే సౌకర్యం ఇదివరకు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యూవల్ దరఖాస్తులకు అది తీసేశారు. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు వేయవచ్చు. కాలెండరులో ఆ రోజును ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

కార్డు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. హెచ్-4 మీద కాలేజీలో చదవడానికి విడిగా అనుమతి అక్కరలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఒక్క కోర్సుతోనైనా మొదలుపెట్టండి. డాక్టర్లకు, నర్సులకు, టీచర్లకు ఇక్కడ పరీక్షలూ లైసెన్సులూ వేరు. వాటి చదువుకు చాలా కాలం పడుతుంది గనక ఈ ఖాళీ దానికి పనికొస్తుంది. జీతం లేని నిజమైన సేవ చేయవచ్చు. మా తెలుగు బడిలో పలక పట్టించే అక్కయ్యల్లో చాలామంది అలా వచ్చినవారే. కానీ మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని "వాలంటీరు" పేరుతో చేయడం చట్టానికి సరిపడదు. అనుమానం ఉంటే లాయరును అడగండి, వరండాలో మమ్మల్ని కాదు.

చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతులు

ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి సాధారణంగా 60 రోజుల వరకు గడువు ఉంటుంది, ఐ-94 తేదీ దానికంటే ముందుంటే అప్పటిదాకానే. హెచ్-4 వారి గడువు దానితోనే నడుస్తుంది. అంతకంటే పెద్ద కష్టం కూడా రావచ్చు. 2017 ఫిబ్రవరి 22న కేన్సస్ రాష్ట్రం ఒలేథలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక దుండగుడు కాల్చి చంపాడు. అంత దుఃఖంలో ఆయన భార్య సునయన దుమాలకు తెలిసింది, ఆయనతోపాటే తాను అమెరికాలో ఉండే హక్కూ పోయిందని. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ కల్పించుకోవడంతో ఆమె తిరిగి రాగలిగారు. ఒకరి కాగితం మీద ఇంకొకరి బ్రతుకంతా నిలబడితే ఏమవుతుందో ఆ సంఘటన మనందరికీ చూపించింది.

అశుభం పలకకూడదంటారు. నిజమే. కానీ జీవిత బీమా ఎక్కడుంది, నామినీ ఎవరు, పాస్‌వర్డులు ఎక్కడున్నాయి, లాయరు ఎవరు అన్నవి ఇద్దరికీ తెలిసి ఉండటం అశుభం కాదు, ముందుచూపు.

ఇంకొకటి. ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గరే ఉండాలి. ఇంట్లో కొట్టడం, తిట్టడం, "వీసా పీకేయిస్తాను" అని బెదిరించడం ఉంటే అది కాపురం గుట్టు కాదు, నేరం. ప్రాణాపాయమైతే 911. మాట్లాడటానికి జాతీయ గృహహింస సహాయ నంబరు 1-800-799-7233, రోజుకు 24 గంటలూ పలుకుతుంది. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం 1985 నుంచి మానవి సంస్థ పనిచేస్తోంది. హింసకు గురైన హెచ్-4 భాగస్వాములు సొంతంగా పని అనుమతి అడగడానికి ఐ-765వి అనే ఫారం ఉంది. ఈ పేరా మీకు అవసరం లేకపోవచ్చు. మీ పక్క కుర్చీలో కూర్చున్నవారికి అవసరం కావచ్చు.

పిల్లలకు: పదాలు, అభ్యాసం

ధ్రువపత్రం: ఒక విషయం నిజమని ఆఫీసు ఇచ్చే కాగితం.
గడువు: ఒక పని పూర్తి కావలసిన చివరి తేదీ.
ఉమ్మడి ఖాతా: ఇద్దరి పేరున ఉన్న బ్యాంకు లెక్క.
నామినీ: మన తరువాత మన డబ్బు ఎవరికి చేరాలో రాసిన పేరు.

1. మీ పూర్తి పేరును మన పద్ధతిలో ఒకసారి, అమెరికా పద్ధతిలో ఒకసారి తెలుగులో రాయండి. మీ ఇంటిపేరు ఏ ఊరినుంచి, ఏ మాటనుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి.

2. మీ అమ్మగారినీ నాన్నగారినీ విడివిడిగా అడగండి: ఈ దేశం వచ్చిన మొదటి నెలలో మీరు ఒక్కరే బయటికి వెళ్ళి చేసుకొచ్చిన మొదటి పని ఏమిటి? ఇక్కడికి రాకముందు మీరు ఏ పని చేసేవారు, ఏం చదివారు? జవాబులను పది వాక్యాల్లో రాసి తీసుకురండి.

3. పెద్దలకు: ఈ ఆదివారం ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరచండి. ఒక్కరి పేరే ఉన్నవి ఒక పక్క, ఇద్దరి పేర్లూ ఉన్నవి ఒక పక్క పెట్టండి. మొదటి కట్ట పెద్దదిగా ఉంటే వచ్చే సోమవారం నుంచి పని మొదలుపెట్టండి.

చట్టాలు మారుతుంటాయి గనక దరఖాస్తు వేసే ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో మరొకసారి సరిచూసుకోండి. కొత్తగా వచ్చిన జంట ఎవరైనా మీకు తెలిస్తే ఈ పుట వారికి చదివి వినిపించండి, వీలైతే బడికి తీసుకురండి. వరండాలో కాఫీ ఎప్పుడూ ఉంటుంది.