రెండు దేశాల విమానాలు కలిసి పనిచేయాలంటే...



1996 నవంబరు 6 రాత్రి మన ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం ప్రాంతాల మీద పడిన తుఫాను గురించి మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంటుంది. కోనసీమ తీరంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలకూలాయి. చెట్లు అడ్డంపడి దార్లు మూసుకుపోయాయి. "రోడ్డు పోయాక పైనుంచి వచ్చేవాడే దిక్కురా" అంటుంది నాయనమ్మ. ఆ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

దారి లేని చోటికి మందులు, తిండి చేర్చేది హెలికాప్టర్లే. విపత్తు మరీ పెద్దదైతే ఒక దేశం విమానాలు చాలవు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసి సహాయానికి దిగాయి. విమానాలు ఎక్కువైతే పని త్వరగా అయిపోద్ది కదా అని నేనూ అనుకున్నాను. కానీ అవి కలిసి పనిచేయాలంటే ముందు మూడు విషయాలు కుదరాలి.

మొదటిది మాట. రేడియోలో బి, డి, పి అక్షరాలు ఒకేలా వినపడతాయి. ఒక్క అక్షరం తప్పు వింటే మందులు వేరే ఊరికి పోతాయి. అందుకే పైలట్లు బి అనకుండా "బ్రావో", డికి "డెల్టా", పికి "పాపా" అంటారు. ఏ దేశం వాళ్లయినా ఇవే మాటలు. రహస్యంగా మాట్లాడుకోవాలంటే రేడియో పరికరాలు కూడా కలవాలి. అందుకు భారత్, అమెరికా 2018 సెప్టెంబరులో ఒప్పందం చేసుకున్నాయి.

రెండోది సామాను. మన మోటారు దగ్గర చూడండి, అంగుళం పైపుకి ముప్పావు పైపు అతకదు. విమానానికి ఇంధనం పోసే గొట్టమైనా అంతే. సి-130, సి-17 అనే పెద్ద రవాణా విమానాలు రెండు దేశాల దగ్గరా ఉన్నాయి, అది కొంత సుళువు. ఒకరి దగ్గర ఇంకొకరు ఇంధనం, సామాన్లు తీసుకుని లెక్క తీర్చుకునే ఒప్పందం 2016 ఆగస్టులో జరిగింది. దానివల్ల మన నేల మీద వాళ్లు స్థావరం పెట్టుకోవడానికి వీలు లేదు.

మూడోది, ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలి? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధంలోనే 1943 డిసెంబరులో, బర్మా వైపు పోరాడే బ్రిటిష్, అమెరికన్ విమానదళాలను ఒకే అధికారి కిందకు తెచ్చారు. ఇప్పుడు మన దేశం ఏ సైనిక కూటమిలోనూ లేదు. మన పైలట్లు మన అధికారుల మాటే వింటారు. అందుకే ఇద్దరి మధ్యా ఒక ఉమ్మడి సమన్వయ కేంద్రం కావాలి. ఏ హెలికాప్టరు ఎటు వెళ్లాలో అక్కడ మాట్లాడుకుని పంచుకుంటారు.

ఇదంతా ఎక్కడో జరిగేది కాదు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళితే వచ్చే కాకినాడలోనే దీన్ని సాధన చేశారు. "టైగర్ ట్రయంఫ్" పేరుతో 2019 నవంబరు, 2024 మార్చి, 2025 ఏప్రిల్ నెలల్లో విశాఖ, కాకినాడ తీరాల్లో భారత్, అమెరికా దళాలు విపత్తు సహాయం సాధన చేశాయి. 2025లో మన వాయుసేన సి-130 విమానం, ఎం.ఐ-17 హెలికాప్టర్లు, వైద్యబృందం పాల్గొన్నాయి. పరాయి సైన్యానికి మన తీరంలో ఏం పని అని అడిగేవాళ్లూ ఉన్నారు. అడగాల్సిందే. కానీ తుఫాను వచ్చిన రోజున ఒకరి రేడియో ఇంకొకరికి అందకపోతే, ఇంటికప్పు మీద ఎదురుచూసేవాళ్లకే నష్టం. తుఫాను రోజున నేర్చుకుందామంటే కుదరదు.

చివరగా ఒక మనవి. మన హాస్టల్లో కోయ మాట్లాడేవాళ్లున్నాం, తెలుగు మాట్లాడేవాళ్లున్నాం. రాత్రిపూట గాలివాన వస్తే ఎన్ని విజిళ్లకు బయటకు రావాలి? చిన్నపిల్లల చెయ్యి ఎవరు పట్టుకోవాలి? మందుల పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది? వార్డెన్ గారు ఒక ఆదివారం దీన్ని మనందరి చేత సాధన చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి