పిలుపు వినపడేలా పాట వినాలి

టెలిఫోన్ల శాఖలో 34 ఏళ్ళు తీగలతోనే గడిపి రిటైరయ్యాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు. రాత్రి పది దాటి ఇల్లు సద్దుమణిగాక ఓ గంట సంగీతం వినడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అప్పట్లో ఆకాశవాణి, ఆ తర్వాత క్యాసెట్లు, ఇప్పుడు ఫోను. కోడలు తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళాలి, మనవరాలు ఇంటర్ చదువుతోంది. స్పీకరు పెట్టుకునే వీలు లేదు. అందుకని తొమ్మిదేళ్ళలో ఐదు వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొన్నాను. రెండు నిలిచాయి, మూడు దండగైపోయాయి. వాటి వల్ల తెలిసినవి రాస్తున్నాను.

1. ముందు ఇంటిని చూసుకోవాలి, తర్వాతే దుకాణానికి వెళ్ళాలి. ఎవరు వింటారు, ఏ గదిలో, ఏ వేళప్పుడు, టీవీయా ఫోనా, పాటలా ప్రవచనాలా? వీటికి జవాబు లేకుండా వెళితే అమ్మేవాడు చెప్పిందే కొంటాం. అక్కడ గొప్పగా చెప్పే సదుపాయాల్లో సగం మెట్రోలోనూ విమానంలోనూ తిరిగేవాళ్ళ కోసం చేసినవి. పడక్కుర్చీలో కూర్చుని వినేవాడి అవసరాలు వేరు.

2. ఇది రాయడం నాకు కష్టం, అయినా రాయాలి. నేను కొన్న మూడోది నాయిస్ క్యాన్సిలింగ్ రకం. పెట్టుకోగానే ఫ్యాను చప్పుడు మాయమైంది, ఏసీ హోరు మాయమైంది. ఈమని శంకరశాస్త్రిగారి వీణలో మీటు పడ్డాక తీగ మీద వేలు జరిగే సన్నటి రాపిడి కూడా వినపడింది. ఇన్నాళ్ళూ ఇది లేకుండా ఎలా విన్నానా అనిపించింది. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం మా ఆవిడ పెరట్లో కాలుజారి పడింది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. ఆవిడ పిలుస్తూనే ఉంది. నేను ముందు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని వింటున్నాను. రాగం, తానం అయి పల్లవిలోకి వచ్చేదాకా నాకు తెలియలేదు. మణికట్టు విరిగింది. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. ఆ పల్లవి మాత్రం మళ్ళీ వినలేకపోయాను.

తప్పు ఆ వస్తువుది కాదు. దాని పని అదే. బయటి మోతని చిన్న మైకులతో పట్టుకుని, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని లోపల పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఎడతెగని హోరుకి ఇది బాగా పనిచేస్తుంది. మనిషి కేకని, కుక్కర్ కూతని అంతగా ఆపలేదు. కానీ ప్యాడ్లు చెవులు మూసేసి, లోపల పాట నడుస్తుంటే కేక మాత్రం ఏం వినపడుతుంది? బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఇలాంటి హెడ్‌ఫోన్ ఆలోచన తట్టింది 1978లో, విమానంలో ప్రయాణిస్తున్నప్పుడు. విమానానికి అది వరమే. ఇంట్లో పెద్దవాళ్ళో, పసిపిల్లలో, ఒంట్లో బాగాలేనివాళ్ళో ఉంటే మాత్రం వాళ్ళకి తోడుగా ఉన్న మనిషి చెవులు మూసుకోకూడదు. కొన్నా సరే, బయటి శబ్దాన్ని లోపలికి వదిలే యాంబియెంట్ మోడ్ ఉన్నదే కొనండి, అది ఆన్ చేసే వినండి. తలుపు తీసి ఉంచండి. మా ఆవిడ వంటింట్లో ప్రవచనాలు వినడానికి చెవిని మూయకుండా చెంప ఎముక మీద ఆనే రకం కొన్నాం. అందులో మృదంగం ఎడమ వైపు నాదం పలచబడిపోతుంది. మాటకి మాత్రం చక్కగా సరిపోతుంది, కాలింగ్ బెల్లూ వినపడుతుంది.

3. టీవీ కోసమైతే మామూలు బ్లూటూత్‌ని నమ్ముకోవద్దు. పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. శబ్దాన్ని కుదించి, గాల్లో పంపి, అటువైపు మళ్ళీ విప్పి, తెగిపోకుండా కాస్త నిల్వ చేసుకుని వినిపించేసరికి సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది. మన టీవీ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు. అంటే మాట ఐదు ఫ్రేములు వెనకబడినట్టు. ఫోన్లో వీడియో చూస్తే ఈ తేడా కనపడదు, ఎందుకంటే చాలా యాప్‌లు బొమ్మని కూడా అంతే వెనక్కి జరుపుతాయి. టీవీలో ‘ఆడియో డిలే’ అని కనపడితే సంబరపడకండి. చాలా టీవీల్లో అది శబ్దాన్ని ఇంకా ఆలస్యం చేయడానికే గానీ ముందుకి తేవడానికి కాదు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, స్టాండుతో వచ్చే రేడియో పద్ధతి హెడ్‌ఫోన్. స్టాండుని టీవీకి కలిపితే అదే శబ్దం పంపుతుంది, వినడం అయ్యాక దాని మీదే పెడితే ఛార్జింగూ ఎక్కుతుంది. మాటకీ పెదాలకీ తేడా తెలియదు. జత చేయడం, వెతకడం లాంటి గొడవ లేదు కాబట్టి పెద్దవాళ్ళ చేతికి ఇదే ఉత్తమం. రెండోది, ‘ఆప్టెక్స్ లో లేటెన్సీ’ అనే బ్లూటూత్ పద్ధతి ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్. ఆలస్యం 40 మిల్లీసెకన్ల దగ్గరికి తగ్గుతుంది, కాకపోతే అటు ట్రాన్స్‌మిటర్‌లోనూ ఇటు హెడ్‌ఫోన్‌లోనూ అదే ఉండాలి. ఒకవైపే ఉంటే లాభం లేదు. ఇంకో సంగతి. హెడ్‌ఫోన్ కలపగానే కొన్ని టీవీల స్పీకరు మూగబోతుంది. మీరు వింటుంటే పక్కన కూర్చున్న మీ ఆవిడకి సీరియల్ మూకీ అయిపోతుంది. రెండూ ఒకేసారి పలుకుతాయో లేదో కొనకముందే కనుక్కోండి.

4. కచేరీ అంటే రెండు గంటలు. 250 గ్రాములకి మించిన బరువు గంట తిరిగేసరికి మెడకి తెలుస్తుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో బాధ. గట్టిగా బిగిసే రకమైతే జోడు పుల్లని చెవి వెనక ఎముకకి నొక్కేస్తుంది. కళ్ళజోడు పెట్టుకునే పరీక్ష చేయాలి. కృత్రిమ తోలు ప్యాడ్లు మన బెజవాడ చెమటకి రెండు వేసవులు ఆగవు, పొట్టు పొట్టుగా రాలి చెవులకి అంటుకుంటాయి. గుడ్డ ప్యాడ్లు నయం. ఏవైనా సరే, విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి.

5. డబ్బా మీది అంకెలు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. 40,000 హెర్ట్జ్ అని రాస్తారు. కుర్రవాళ్ళ చెవికే 20,000 హద్దు, వయసు పైబడ్డకొద్దీ పై స్వరాలు ఇంకా తగ్గిపోతాయి. శబ్దాన్ని కుదించి పంపే కోడెక్కుల్లో ఒకటైన ఎల్‌డాక్‌లో సెకనుకి 990 కిలోబిట్లు అంటారు, నిజమే, కానీ ఐఫోన్‌లో అది లేదు. ఉన్న ఫోన్లో అయినా నేను వినేది ద్వారం వేంకటస్వామి నాయుడుగారి ఫిడేలు. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డులో లేని నాదాన్ని ఏ కోడెక్కూ తెచ్చిపెట్టలేదు.

అంకెల కంటే నాకు అక్కరకొచ్చింది ఫోన్ సెట్టింగుల్లో ఉన్న ఓ చిన్న మీట. యాక్సెసిబిలిటీలోకి వెళితే కుడి ఎడమల బ్యాలెన్స్, మోనో ఆడియో అని ఉంటాయి. నా ఎడమ చెవి కాస్త మందం. ఆ పక్కకి కొంచెం జరిపాక పాట తల మధ్యకి వచ్చి కూర్చుంది.

6. దుకాణంలో వాళ్ళ పాట వినకండి. వాళ్ళు పెట్టేది గుండె అదిరే సినిమా పాట, దాంట్లో ప్రతి హెడ్‌ఫోనూ గొప్పగానే ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన మూడు రికార్డింగులు మీ ఫోన్లోనే తీసుకెళ్ళండి. నావి ఇవి. ఉత్త తంబురా శ్రుతి: ఎక్కడా గరగర లేకుండా ఒకే ప్రవాహంగా సాగాలి. మృదంగం తని ఆవర్తనం: రవ్వముద్ద పెట్టిన ఎడమ మూతి గుమ్‌మని మోగి అక్కడే ఆగాలి, బుడబుడమని పాకకూడదు. మూడోది మీరు ఎప్పటినుంచో వింటున్న గొంతు. నాకైతే ఘంటసాల. ఆ గొంతు గొంతులా లేకుండా రేకుల డబ్బాలోంచి వచ్చినట్టుంటే ధర ఎంతైనా వద్దు. వాల్యూం తగ్గించి వినండి. సన్నగా పెట్టినా నిండుగా వినిపించేదే ఇంటికి పనికొస్తుంది.

7. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గుర్తుంచుకోండి: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే నాలుగే గంటలు. పిల్లలకి ఇంకా తక్కువ, అదే 40 గంటలకి 75. పోయిన వినికిడి తిరిగి రాదు.

8. పాట తెగుతుంటే హెడ్‌ఫోన్‌ని తిట్టకముందు ఇల్లు చూడండి. బ్లూటూత్, వైఫై, మైక్రోవేవ్ ఒవెన్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. ఒక కాంక్రీటు గోడ చాలు, పది మీటర్లు అందే బ్లూటూత్ సగం దూరం కూడా అందకపోవచ్చు. ఇక బ్యాటరీ ఎండని ఓర్వదు. మే నెలలో కిటికీ దగ్గరో, కారులోనో వదిలేయొద్దు. బ్యాటరీ అరిగాక కూడా హెడ్‌ఫోన్ పనికిరావాలంటే తీగ పెట్టుకునే రంధ్రం ఉన్నదే తీసుకోండి. నా దగ్గర నిలిచిన రెండిటికీ అది ఉంది.

9. విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమగా పంపిన ఖరీదైన హెడ్‌ఫోన్లు మా వీధిలో మూడిళ్ళలో బీరువాలో ఉన్నాయి. వాటిని సెట్ చేసుకోవాలంటే యాప్ కావాలి, యాప్‌కి అకౌంటు కావాలి, పాస్‌వర్డు కావాలి. అమ్మానాన్నలు అడగడానికి మొహమాటపడి దాచేశారు. పార్సిల్‌లో పంపకండి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళని దుకాణానికి తీసుకెళ్ళి, వాళ్ళ తలకే పెట్టి చూసి కొనండి. ఇంటికొచ్చాక పక్కన కూర్చుని జత చేసి, మొదటి పాట మీ చేత్తోనే పెట్టండి.