ఈ నెల పదం: సినాప్స్



పదో తరగతి బయాలజీలో కంట్రోల్ అండ్ కోఆర్డినేషన్ పాఠానికి వచ్చేసరికి పిల్లలు తప్పకుండా నేర్చుకోవాల్సిన మాట సినాప్స్. చాలామంది డెఫినిషన్ బట్టీ పట్టి, బొమ్మ వేసి, మార్కులు తెచ్చుకుంటారు. ఈ ఒక్క మాటను సరిగ్గా అర్థం చేసుకుంటే, ఇంట్లో పిల్లల్ని ఎలా చదివించాలో కూడా మనకు తెలుస్తుంది. అందుకే ఈ నెల దీన్ని ఎంచుకున్నాను.

మాటకు అర్థం

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని అంచనా. ఒక నాడీకణం నుంచి ఇంకో నాడీకణానికి సమాచారం చేరే చోటును సినాప్స్ అంటారు. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని నాడీకణ సంధి అని రాస్తారు.

1897లో ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ షెరింగ్టన్ ఫిజియాలజీ పాఠ్యపుస్తకంలో ఈ మాటను మొదట వాడారు. గ్రీకు భాషలో ‘సిన్’ అంటే కలిసి, ‘హాప్టైన్’ అంటే పట్టుకోవడం.

సంధి అనగానే మనకు తెలుగు వ్యాకరణం గుర్తొస్తుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. అక్కడ రెండు మాటలు కలిసి ఒకటైపోతాయి. నాడీకణాలు అలా కలిసిపోవు. చాలా సినాప్స్‌లలో రెండు కణాల మధ్య సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని కొన్ని వేల భాగాలు చేస్తే వచ్చే ఒక భాగమంత అన్నమాట. కాబట్టి పిల్లలకు ‘సంధి’తో పాటు ‘సందు’ అనే మాట కూడా చెప్పండి. కలిపేదీ అదే, మధ్యలో ఖాళీ ఉన్నదీ అక్కడే.

ఈ సందు ఉందా లేదా అని పెద్ద వాదమే జరిగింది. నాడులన్నీ అతుక్కుపోయిన ఒకే వల అని ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ నమ్మారు. గోల్జీ కనిపెట్టిన రంగు పద్ధతినే వాడి, ఇవి విడివిడి కణాలని స్పెయిన్‌కు చెందిన రామోన్ ఇ కహాల్ చూపించారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ ఖాళీ కంటికి కనిపించాక కహాల్ మాటే నిలిచింది.

పని చేసే తీరు

మొదటి కణంలో సమాచారం విద్యుత్ సంకేతంగా చివరిదాకా వస్తుంది. అక్కడ చిన్న చిన్న సంచుల్లో ఉన్న రసాయనం సందులోకి విడుదలవుతుంది. అవతలి కణం మీద ఉన్న గ్రాహకాలు దాన్ని అందుకోగానే సంకేతం ముందుకు సాగుతుంది. సంచులు ఒక వైపు, గ్రాహకాలు రెండో వైపు ఉంటాయి కాబట్టే సమాచారం ఒకే దిశలో వెళుతుంది. పరీక్షల్లో తరచుగా అడిగే ప్రశ్న ఇది.

వాడేటప్పుడు గమనించాల్సినవి

సినాప్స్, సైనాప్స్ అని రెండు విధాలుగానూ పలుకుతారు, రెండూ సరైనవే. ఒకటి కన్నా ఎక్కువైతే సినాప్సెస్. దీనికి సంబంధించినది అని చెప్పాలంటే సినాప్టిక్. కథ సారాంశాన్ని చెప్పే సినాప్సిస్ వేరే మాట. రెండింటి స్పెల్లింగ్ వేరు, పిల్లలతో రెండూ పక్కపక్కన రాయించండి.

మన ఇంటికి దీనితో ఏం పని?

‘మా వాడు ఎంత చదివినా గుర్తుండదు మేడమ్’ అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అంటారు, అదీ పిల్లవాడి ముందే. సినాప్స్‌ల గురించి తెలిసినవారు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. సినాప్స్‌లు పుట్టుకతో బిగుసుకుపోయినవి కావు. వాడకాన్ని బట్టి బలపడతాయి, బలహీనపడతాయి.

ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం అప్లీసియా అనే సముద్రపు జీవి మీద దీన్ని పరిశీలించారు. ఒకసారి ఇచ్చిన అనుభవం కొద్దిసేపే గుర్తుంది. విరామాలిస్తూ కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ ఇస్తే వారాల తరబడి నిలిచింది, కొత్త సినాప్స్‌లు కూడా పెరిగాయి. జ్ఞాపకశక్తి మీద చేసిన కృషికి కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. పిల్లల చదువు ఇంతకన్నా చాలా క్లిష్టమైనదే. అయినా విరామాలతో చదివితే ఎక్కువ కాలం గుర్తుంటుందని విద్యార్థుల మీద జరిగిన పరిశోధనలు కూడా చెబుతున్నాయి.

యూనిట్ టెస్ట్‌లు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈ మూడు పనులు చేసి చూడండి.

ఒకటి, పరీక్ష ముందు రోజు ఒకే పాఠం మూడు గంటలు చదివించే బదులు, రోజుకు అరగంట చొప్పున ఆరు రోజులకు పంచండి.

రెండు, ‘చదివావా?’ అని అడగకండి. పుస్తకం మూయించి ‘నిన్న చదివింది నాకు చెప్పు’ అనండి. మీకు ఇంగ్లిష్ మీడియం పాఠం రాకపోయినా ఫర్వాలేదు, తెలుగులో చెప్పమనండి. గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే చదువును గట్టిపరుస్తుంది.

మూడు, నిద్ర తగ్గించకండి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పగలు చదివింది నిద్రలో కూడా స్థిరపడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెడితే చదివిన దానికే నష్టం.

ఈసారి మీటింగ్‌కు వచ్చినప్పుడు ‘గుర్తుండదు’ అనే బదులు ‘ఇంకా ఎన్నిసార్లు చెప్పించాలి?’ అని అడగండి. దానికి మేం కలిసి ప్లాన్ వేసి ఇవ్వగలం. పక్కనే కూర్చున్న మీ పిల్లలకు కూడా ఆ ప్రశ్న వింటే ధైర్యం వస్తుంది.