కోర్సు మానేస్తే కట్టిన ఫీజు గోవిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేరింది. ఆరు నెలల కోర్సు. జీఎస్టీతో కలిపి 90 వేలు ఒకేసారి కట్టాం. డెమో క్లాసు చెప్పినాయన మళ్లీ కనిపించలేదట. రికార్డు చేసిన పాత వీడియోలు చూసుకోమన్నారట. నెల తిరక్కుండానే మానేసింది. డబ్బడిగితే రసీదు వెనక ‘చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న లైను చూపిస్తున్నారు. సంతకం పెట్టాం కాబట్టి ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: వదులుకోకండి. ఆ లైను వాళ్లు రాసుకున్న షరతు, అంతే. అందించని సేవకు డబ్బు ఉంచేసుకుంటామనే ఇలాంటి ఏకపక్ష షరతులను వినియోగదారుల కమిషన్లు ఎన్నోసార్లు పక్కన పెట్టాయి. కోచింగ్ సెంటర్ల గురించి కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో ఫీజు వెనక్కివ్వాలి. హాస్టల్లో ఉంటే ఆ ఫీజు, మెస్ ఫీజు కూడా. కాకపోతే ఇవి మార్గదర్శకాలే. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. అందుకే లేఖలో వాటిని ప్రస్తావించండి గానీ, అసలు బలం మాత్రం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీద పెట్టుకోండి.

మీ అమ్మాయి విషయంలో ఒక అనుకూలత ఉంది. ఉద్యోగం వచ్చిందనో, మనసు మారిందనో మానేసినవాళ్లు హాజరైన రోజులకు కోత ఒప్పుకోక తప్పదు, మొత్తం రావాలని పట్టుబడితే అన్యాయం కూడా. ఇక్కడ అలా కాదు. డెమోలో ఒకరిని చూపించి, తర్వాత వీడియోలు చేతిలో పెట్టారు. ఇది సేవాలోపం. కాబట్టి మొత్తం అడగండి, బేరం కుదిరితే అప్పుడు తగ్గొచ్చు.

మీ ఉత్తరంలో నాకు కనిపించనిది ఒకటుంది: మానేస్తున్నట్టు రాసి ఇచ్చారా? చాలామంది రిసెప్షన్ దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడి వచ్చేస్తారు. అక్కడి కౌన్సెలర్ రేపు వేరే ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాడు. ఆ మాటలకు సాక్ష్యం ఎవరు? పైగా రాసివ్వనంత కాలం ‘మీ అమ్మాయి సీటు అలాగే ఉంచాం, క్లాసులు జరుగుతూనే ఉన్నాయి’ అంటారు. లెక్క కట్టే రోజు అలా వెనక్కి జరుగుతూ పోతుంది. కాబట్టి ఇవాళే ఈమెయిల్ పంపండి. అడ్మిషన్ నంబరు, చివరగా హాజరైన తేదీ, మానేయడానికి కారణం, రావలసిన మొత్తం, బ్యాంకు ఖాతా వివరాలు, 15 రోజుల గడువు అందులో ఉండాలి. అదే కాగితం స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఈమెయిల్ కన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. బ్రోచర్, వాట్సాప్ గ్రూపులో టైంటేబుల్, డెమో గురించిన మెసేజీలు, యాప్‌లోని వీడియోల జాబితా అన్నీ స్క్రీన్‌షాట్లు తీయించండి. గొడవ మొదలయ్యాక లాగిన్ ఆపేస్తే ఏదీ మిగలదు.

అప్పుడు వాళ్లు కొన్ని బుజ్జగింపులు మొదలుపెడతారు. ‘వచ్చే బ్యాచ్‌కి మార్చేస్తాం’, ‘ఫ్రెండ్‌ని చేర్పిస్తే సర్దుబాటు చేస్తాం’, ‘జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం, అది రాదు’. మొదటి రెండూ కాలయాపన. మూడోదానికి సమాధానం క్రెడిట్ నోట్. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు క్రెడిట్ నోట్ ఇచ్చి, ఆ పన్నును వాళ్లు తమ లెక్కలో తగ్గించుకోవచ్చు. ‘ఇకపై ఎలాంటి బకాయి లేదు’ అన్న కాగితం మీద మాత్రం డబ్బు ఖాతాలో పడేదాకా సంతకం పెట్టకండి.

గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అది కోర్టు కాదు, మధ్యవర్తి మాత్రమే. అయినా చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్. ‘వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే’ అని రసీదు మీద ఉన్నా భయపడకండి. ఫిర్యాదు చేసేవారు నివసించే చోట కేసు వేసే హక్కు చట్టంలోనే ఉంది, కాబట్టి మీరు గుంటూరులోనే వేయొచ్చు. 5 లక్షల లోపు చెల్లింపులకు కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువుంటుంది. కానీ అంతదాకా ఆగకండి, ఇన్‌స్టిట్యూట్లు బోర్డులు తిప్పేయడం కూడా మనం చూస్తున్నదే.

ప్రశ్న: ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని చెప్పి ఫోన్లోనే ఓటీపీలు తీసుకుని నన్ను ఆన్‌లైన్ కోర్సులో చేర్చారు. ఇప్పుడు చూస్తే నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ లోన్ ఉంది. కోర్సు మానేశాను. బ్యాంకుకి చెప్పి ఈఎంఐ ఆపించేయనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ ఒక్క పని మాత్రం చేయకండమ్మా. కోర్సు డబ్బు ఆ సంస్థకు ఎప్పుడో ముట్టింది. మీరు బాకీపడింది ఫైనాన్స్ కంపెనీకి. ఈఎంఐ ఆగితే బౌన్స్ ఛార్జీలు మీ నెత్తిన పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇంటి లోన్ అడిగినప్పుడు ఈ కోర్సు గొడవ ఎవరికీ వివరించలేరు.

ఒకే రోజు ఇద్దరికీ రాయండి. కోర్సు రద్దు చేసి మిగిలిన లోన్ తీర్చేయమని సంస్థకు, తప్పుదారి పట్టించి లోన్ ఇప్పించారని కంపెనీ ఫిర్యాదుల అధికారికి. లోన్ షరతులన్నీ ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కాపీ కూడా అడగండి. డిజిటల్ లోన్లకు అది ఇవ్వాలని, తీసుకున్న వెంటనే మనసు మార్చుకోవడానికి కొద్ది గడువుండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కంపెనీ 30 రోజుల్లో బదులివ్వకపోయినా, బదులు మీకు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, తీర్పు వచ్చేదాకా ఈఎంఐలు నిలిపేలా మధ్యంతర ఉత్తర్వు కోరండి. ఆ అధికారం కమిషన్‌కు ఉంది.

ప్రశ్న: మా అబ్బాయిని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటులో చేర్పించాం. తర్వాత వేరేచోట సీటొచ్చింది. ఫీజు ఇవ్వరు సరే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వడం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటారా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఇక్కడ దారి వేరు. కాలేజీలు, యూనివర్సిటీలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని, కోచింగ్ సెంటర్లు వస్తాయని జాతీయ కమిషన్ 2020 జనవరిలో చెప్పింది. కాబట్టి కమిషన్‌లో మీ కేసు మొదట్లోనే వీగిపోవచ్చు. మీరు పట్టుకోవాల్సింది యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలను. అడ్మిషన్ రద్దు చేసుకున్న తేదీని బట్టి ఎంత వెనక్కివ్వాలో వాటిలో ఉంటుంది, ఆ విద్యాసంవత్సరానికి ప్రకటించిన ఆఖరి తేదీలు చూసుకోండి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ స్పష్టంగానే చెప్పింది. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో, ఏఐసీటీఈకి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు పెట్టండి. కొత్త కాలేజీలో రిపోర్టు చేయాల్సిన తేదీ దగ్గరపడితే ఫీజు మాట కాసేపు పక్కన పెట్టి సర్టిఫికెట్ల కోసమే వేరుగా దరఖాస్తు ఇవ్వండి. రెండూ ఒకే కాగితంలో పెడితే, డబ్బు తేలేదాకా సర్టిఫికెట్లూ ఆగుతాయని అంటారు.