మధ్యవర్తి లేని బేరం: ఇంటి యజమానిని నేరుగా కలుసుకొనే పద్ధతి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఇల్లు కొనడమంటే ఒక తరం కష్టాన్ని ఒక్క సంతకంతో అప్పగించడమే. వానలను నమ్ముకోలేక హైదరాబాదుకో బెంగుళూరుకో బేల్దారి పనికి పోయినవారు, పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చి నాలుగు రాళ్లు కూడబెట్టినవారు కడకు కోరేది టవునులో ఒక నీడ. అయితే అద్దె వాటాలున్న మేడగాని, అపార్ట్‌మెంటులో ఫ్లాటుగాని అమ్మకానికి రాగానే మధ్యవర్తి ముందు కనపడతాడు, యజమాని తరువాత. ఆ యజమానిని నేరుగా కలిసి అడగడం ఎట్లాగో, మిత్రులు తమ ఇంట్లోవారికి చెప్పగలిగేటట్లు క్లుప్తంగా వివరిస్తాను.

"కమీషను మిగులుతుంది గదా" అని చాలామంది అంటారు. నా దృష్టిలో అది చిన్న లాభం. హక్కు ఎవరిదో వారి నోటనే విని, వారి కాగితాల్లోనే చూడగలగడం పెద్ద లాభం. కాకపోతే, విచారణ బరువంతా ఇక మన మీదనే పడుతుంది.

యజమాని ఎవరు?

ఇంట్లో ఉన్నవాడు యజమాని కానక్కరలేదు. ఇంటిపన్ను రశీదులో పేరున్నంత మాత్రాన కూడా హక్కు రుజువు కాదు. డోరు నంబరు, సర్వే నంబరు పట్టుకొని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి కనీసం 30 ఏళ్లకు ఈసీ తీయించాలి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. కాబట్టి పాత లింకు దస్తావేజులో "కర్నూలు జిల్లా" అని ఉంటే కంగారు పడనక్కరలేదు. హద్దులు, కొలతలు సరిపోతున్నాయా అన్నదే ముఖ్యం.

తండ్రి పోయిన ఇంట్లో మనతో మాట్లాడే పెద్దకొడుకు ఒక్కడే యజమాని కాడు. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా లేకుండా పోతే, ఆయన స్వార్జితంలో భార్యకు, తల్లికి, కూతుళ్లకు కూడా కొడుకులతోపాటు వాటా ఇచ్చింది 1956 నాటి వారసత్వ చట్టం. పిత్రార్జితంలోను కూతుళ్లకు సమాన హక్కు 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. అత్తవారిళ్లలో ఉన్న ఆడపడుచుల సంతకాలు అడగడానికి మొహమాటపడకూడదు.

మొదటి ఉత్తరం

యజమాని దూరాన ఉంటే ఇరుగుపొరుగువారి ద్వారా చిరునామా తెలుసుకోవచ్చు. అద్దెకున్నవారి దగ్గర మాత్రం అమ్మకం మాట ఎత్తకూడదు. వారికి గుబులు, యజమానికి చిరాకు. ఉత్తరం ఇట్లా ఉంటే చాలు:

"అయ్యా, మార్కాపురంలోని మీ ఇంటిని అమ్మే ఉద్దేశం ఉన్నట్లయితే, మా కుటుంబం నివాసం కోసం కొనదలచాను. నేను మధ్యవర్తిని కాను. మీకు వీలైన రోజు తెలిపితే స్వయంగా వచ్చి కలుస్తాను. అమ్మే ఉద్దేశం లేకుంటే, శ్రమ ఇచ్చినందుకు మన్నించగలరు."

ధర సంగతి ఇందులో వద్దు. అది ఎదురెదురుగా కూర్చొని, కాగితాలు చూసిన తరువాత మాట్లాడవలసిన మాట.

అడ్వాన్సుకు ముందు

అసలు దస్తావేజులు కళ్లారా చూడాలి, జిరాక్సులు చాలవు. దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు ఒక్కోసారి ఈసీలో కనపడదు. ఫ్లాటు అయితే స్థలంలో అవిభక్త వాటా ఎంతో రాసి ఉండాలి. మేడ మొత్తం కొంటే అద్దెవారు కూడా మనకు సంక్రమిస్తారు. వారి అడ్వాన్సులు ఎవరు తిరిగి ఇవ్వాలో ముందే రాసుకోవాలి.

అగ్రిమెంటు ఒక్కదానితో ఇల్లు మనది కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే "అమ్మకం" హక్కును బదలాయించదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. రిజిస్టరైన క్రయదస్తావేజే హక్కు. ఇంటి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన సొమ్మును నగదుగా తీసుకోరాదని ఆదాయపు పన్ను చట్టం అంటుంది. బ్యాంకు ద్వారా ఇస్తే మనకూ సాక్ష్యం.

కొనేవాని ధర్మం

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అమ్మేవానికే గాక కొనేవానికి కూడా ఒక బాధ్యత పెట్టింది. అమ్మేవాని హక్కు అతడు అనుకొన్నదానికన్న ఎక్కువని, దానివల్ల ఇంటి విలువ బాగా పెరుగుతుందని మనకు తెలిస్తే, ఆ సంగతి అతనికి చెప్పాలి. ఉదాహరణకు, పెరటి వెనుక సందు కూడా తన దస్తావేజులో ఉన్నదని ఎక్కడో దూరాన ఉన్న ఒంటరి ముసలమ్మకు తెలియకపోవచ్చు. మధ్యవర్తి లేనిచోట ఆమెకు ఆ మాట చెప్పగలవారం మనమే. చదువుకున్నవారం గనుక కాగితం చదివి ఇంట్లోవారిని మోసపోకుండా కాపాడాలి. అదే కాగితంతో ఎదుటివారిని మోసగించకుండానూ ఉండాలి.

సంతకానికి ముందు ఒక ప్లీడరుకు కాగితాలన్నీ చూపించండి. జీవితకాలపు సొమ్ము ముందు ఆ ఫీజు ఏపాటిది?