నిద్ర చాలని టెస్టరు – తారుమారైన వెన్న శాతం

నెక్కొండ ప్రాంతంలోని ఒక పాల సంఘాన్ని తనిఖీ చేస్తుండగా ఒక సభ్యురాలు పాస్ బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "సారూ, నా బర్రె పాలు ఎన్నడూ ఏడుకు తగ్గలే. ఈ పూట ఐదెట్లయింది?" అని అడిగింది. రిజిస్టరు పరిశీలించగా, పై వరుస సభ్యుని అంకె, ఆమె అంకె తారుమారైనట్లు తేలింది. టెస్టరుకు దురుద్దేశం లేదు. నాలుగు రాత్రులుగా మక్క చేను వద్ద అడవి పందులకు కాపలా ఉండి, తెల్లవారుఝామున నేరుగా కేంద్రానికి వస్తున్నాడు.

రాత్రి కరెంటు రోజుల్లో మన రైతు టార్చిలైటు పట్టుకొని మోటారు వేయడానికి పోయేవాడు. పాముకాటుకు, షాకుకు బలైనవారున్నారు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా అమలులోకి వచ్చాక ఆ బాధ తగ్గింది. పందులు మాత్రం తగ్గలేదు! నెక్కొండ స్టేషను మీదుగా రాత్రంతా రైళ్ళు నడిపే డ్రైవరుకు డ్యూటీ తరువాత విశ్రాంతి ఇంత అని ఒక నియమమైనా ఉంది. పాడి మనిషికి రెండు పూటలా పాలే, సెలవు లేదు. అందరికంటె ముందు లేచి, చివర పడుకునే ఆడవారి సంగతి చెప్పనక్కరలేదు.

పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, 17 గంటలు ఎడతెగక మేలుకొన్నవారి పనితనం, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. మద్యం ఉన్నవారి స్థాయికి దిగజారినట్లు తేలింది. వాహనం నడిపేవారికి మన చట్టం విధించిన హద్దు 30 మి.గ్రా. మాత్రమే. రాత్రంతా కాపలా ఉన్న టెస్టరు చుక్క త్రాగకుండానే ఆ స్థితికి చేరుతాడన్నమాట.

గెర్బర్ పరీక్ష చేసే చోట ఇది మరీ ప్రమాదం. బ్యుటిరోమీటరులో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు వరుసగా పోయాలి. మూత సరిగా బిగియకపోతే ఆమ్లం ముఖాన చిందుతుంది. యంత్రం శాతం చూపే సంఘాలలోనూ అంకె చేతితో వ్రాస్తే వరుస తప్పవచ్చు. పాల వ్యాను డ్రైవరుకు 60 కి.మీ. వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే బండి 50 మీటర్లు పోతుంది. టీ కాసేపు మత్తు వదిలిస్తుందే గాని నిద్రకు బదులు కాదు.

కార్యదర్శులు మరొకరికి పరీక్ష నేర్పి ఉంచాలి. రాత్రి మేలుకొన్నవాడు ఆ పూట ఆమ్లం ముట్టరాదు. అంకెను సభ్యుని ఎదుట పైకి చదివి వ్రాయాలి. టెస్టరు మధ్యాహ్నం కునుకు తీస్తే సోమరితనమనరాదు.

ఆ సభ్యురాలికి తేడా సొమ్ము తరువాతి బిల్లులో ఇప్పించాను. పై వరుస సభ్యుని నుండి ఎక్కువ పడినది రాబట్టడానికి మాత్రం మూడు బిల్లులు పట్టింది.